సున్నపురాయికి నిప్పు తగిలిన చోటు

కొల్లేటికోటలో రాయి పుట్టదు. గుడికి పునాది వేసినా, రోడ్డుకు మెటల్ పరిచినా, చేపల చెరువు గట్టున మోటారు షెడ్డుకు దిమ్మ కట్టినా రాయి లారీలో రావాల్సిందే. ఈ లంకల్లో బోరు దింపేవాళ్ళకు నల్లరేగడి తగులుతుంది, బంకమట్టి తగులుతుంది, ఇసుక తగులుతుంది, మధ్యమధ్యలో గుల్లలు, ఉప్పునీళ్ళు తగులుతాయి. రాయి మాత్రం తగలదు. అలాంటి చోట నిలబడి రాగీ బంగారమూ దొరికే ఒక రాతి గురించి రాయడం విడ్డూరంగానే ఉంటుంది. కానీ ఈ వ్యాసానికి కావలసిన సరంజామా కైకలూరు రోడ్డు పక్కన పోసిన కంకర కుప్పలోనే ఉంది.

ఆ కుప్పలో రెండు రకాల రాయి కలిసిపోయి ఉంటుంది. ఒకటి నల్లగా, బరువుగా, గింజ కనపడనంత నున్నగా ఉంటుంది. అది కొవ్వూరు దగ్గరి పంగిడి క్వారీల సరుకు. రెండోది ఇటుక రంగూ బూడిద రంగూ కలిసిన చారల రాయి, చేతిలో తిప్పి చూస్తే కందిగింజంత ఎర్రటి మచ్చలు మెరుస్తాయి. అది నూజివీడు వైపు కొండలది. ఆ ఎర్ర గింజలు గార్నెట్లు. మన నేలలో స్కార్న్ తరహా ఖనిజాలు ఉన్నాయా, ఉంటే ఎక్కడ వెతకాలి అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ రెండు రాళ్ళలో ఉంది. కాకపోతే రెండూ 'లేదు' అనే చెబుతాయి. ఎందుకు లేదో తెలిస్తేనే ఎక్కడ ఉండొచ్చో తెలుస్తుంది.

స్కార్న్ అనేది స్వీడన్ గని కూలీల మాట. ఇనుప ఖనిజం తవ్వుతుంటే అడ్డొచ్చే పనికిరాని గట్టి రాయిని, తీసి పారబోసే చెత్తను వాళ్ళు అలా పిలిచేవారు. 1875లో టోర్నెబోమ్ అనే భూగర్భశాస్త్రవేత్త పెర్స్‌బెరి గనుల గురించి రాస్తూ ఆ మాటను శాస్త్రంలోకి తెచ్చాడు. చెత్త అని పేరు పెట్టిన రాయే తర్వాత ప్రపంచమంతటా రాగికి, బంగారానికి, టంగ్‌స్టన్‌కు, ఇనుముకు ఆనవాలయింది.

అది పుట్టే పద్ధతి కొల్లేటి రైతుకు సగం తెలిసిందే. చేపపిల్ల వదిలే ముందు చెరువులో చల్లే సున్నం, డోలమైట్ బస్తాలు ఏ చెరువు గట్టున చూసినా కనిపిస్తాయి. గుల్లలో, సున్నపురాయిలో ఉన్నది ఒకే పదార్థం. దాన్ని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి సున్నం మిగులుతుంది. ఇప్పుడు అదే సున్నపురాయి భూమిలో నాలుగైదు కిలోమీటర్ల లోతున ఉందనుకోండి. కింద నుంచి కరిగిన గ్రానైటు లాంటి శిలాద్రవం దూసుకొచ్చి దాని పక్కన ఆగింది. ఆ అంచున సున్నపురాయికి తగిలే వేడి ఐదారు వందల డిగ్రీలు. ఆ ద్రవం చల్లారుతూ వదిలిన వేడినీళ్ళలో ఇసుక సారం, ఇనుము, అల్యూమినియం కరిగి ఉంటాయి. అవి సున్నపురాయిలోకి చొరబడతాయి. బొగ్గుపులుసు వాయువు పోతుంది, కానీ మిగిలేది సున్నం కాదు. సున్నమూ సిలికా కలిసి వోలాస్టొనైట్, ఇనుము చేరి పైరాక్సీన్, అల్యూమినియం చేరి గార్నెట్ పుడతాయి. అంటే రాయి రాయిగానే ఉంటూ ఒంట్లో ఉన్నదంతా మార్చేసుకుంటుంది.

ఇక్కడ ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. గార్నెట్ పుట్టిన మొదటి దశలో రాగీ బంగారమూ పెద్దగా రావు. వేడి తగ్గి, నీరు ఎక్కువై, మొదట పుట్టిన గార్నెట్‌ను మళ్ళీ తినడం మొదలెట్టినప్పుడు, ఆ పగుళ్ళలో రాగి ఖనిజమైన కాల్కోపైరైట్ వస్తుంది, దాని వెంట బంగారం వస్తుంది. చేపల పులుసులో ముక్క ఉడకడం వేరు, దించే ముందు తాలింపు పడటం వేరు. గార్నెట్ గుట్ట కనపడగానే గని దొరికిందనుకునేవాళ్ళు ఉడికిన ముక్కను చూసి తాలింపు కూడా పడిందనుకున్నవాళ్ళు.

ఈ గార్నెట్ మనకు తెలియనిదేం కాదు. తాడేపల్లిగూడెం బంగారు కొట్లో నవరత్నాల ఉంగరం చూపించమంటే తేనె రంగులో ఒక రాయి ఉంటుంది. రాహువు రాయి, గోమేధికం. అది కాల్షియం, అల్యూమినియం కలిసిన గార్నెట్. సున్నపురాయి సంబంధం లేకుండా సాధారణంగా పుట్టదు. కంకర కుప్పలోని ఎర్ర గింజ ఇనుము, అల్యూమినియం కలిసిన గార్నెట్. అది బంకమట్టి ఉడికితే పుడుతుంది. ఇంటిపేరు ఒకటే, పుట్టిల్లు వేరు. ఖనిజాన్వేషణకు వెళ్ళే కుర్రవాడు మొదట నేర్చుకోవలసింది ఈ తేడానే. ఎర్ర గార్నెట్ వెంట పడితే శ్రీకాకుళం నుంచి బెజవాడ దాకా తూర్పు కనుమలంతా తిరగొచ్చు, స్కార్న్ తగలదు.

కుప్పలోని నల్లరాయిది ఇంకో కథ, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. పంగిడి, దుద్దుకూరు, గోదావరి అవతల కాతేరు: ఈ ఊళ్ళ దగ్గర ఆ నల్లరాయి, అంటే బసాల్టు, పొరల మధ్య సున్నపురాయి పొర ఒకటి ఉంటుంది. దాన్నిండా గుల్లల శిలాజాలు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రపు ఒడ్డు, ఉప్పుటేరు లాంటి నీళ్ళు ఉండేవి. వాటి మీదికి లావా వచ్చి పడింది. ఆ లావా పడమటి కనుమల దిక్కున పుట్టి దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అంటే సున్నపురాయికి నిప్పు తగిలిన చోటు కొల్లేటికి మరీ దూరమేమీ కాదు. పాఠం ప్రకారం స్కార్న్ పుట్టాలి. పుట్టలేదు.

కారణం సులువు. లావా పరుచుకున్నది భూమి పైన. గాలి తగిలి, నీళ్ళు తగిలి చల్లారిపోయింది. లోతులో ఉన్నట్టు వేల, లక్షల ఏళ్ళు వేడి నిలవలేదు. బసాల్టులో సిలికా తక్కువ, ఒంట్లో నీరు తక్కువ. సున్నపురాయిలోకి ఖనిజాలు మోసుకెళ్ళే వేడినీళ్ళు ఆ లావాకు లేవు. పెనం మీద అట్టు కాలినట్టు పైపైన మాడింది, అంతే. సున్నపురాయి, నిప్పు ఉంటే చాలదు. లోతు ఉండాలి, నీరు ఉండాలి, తీరిక ఉండాలి. పంగిడి క్వారీ ఈ మూడూ లేకపోతే ఏమవుతుందో చూపించే బడి.

కొల్లేటి అడుగున మాత్రం లోతుకు లోటు లేదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో మట్టి, ఇసుక, షేల్ పొరలు కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. వాటి కింద పాత రాతి నేల చదునుగా లేదు. గుడివాడ, బంటుమిల్లి దగ్గర లోయల్లా దిగబడింది. కాజా నుంచి కైకలూరు మీదుగా ఒక పూడిపోయిన గట్టులా లేచింది. పటాల్లో దానికి కాజా-కైకలూరు హార్స్ట్ అని పేరు. పైన చదును చెరువు, కింద కొండ. ఓఎన్‌జీసీ ఇక్కడ బావులు దింపింది, లింగాల, కైకలూరు దగ్గర గ్యాస్ దొరికింది. గ్యాసుకు అంత మందమైన పొరలు వరం. రాగికీ బంగారానికీ అవి అడ్డం. ఆ గట్టులో ఏ ఖనిజం ఉన్నా వేల అడుగుల మట్టి కింద ఉన్నది లేనట్టే. పైగా 1999లో అయిదో కాంటూరు (అయిదడుగుల ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. కొల్లేట్లో గని ప్రశ్నే లేదు, ఉండకూడదు కూడా.

అయితే ఈ సీమకు తవ్వకాల చరిత్ర లేదనుకోవద్దు. ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్ 1814లో అచ్చువేసిన పుస్తకంలో ఏలూరుకు దగ్గరి మల్లవల్లి వజ్రాల గుంటల గురించి, నూజివీడు దగ్గర రమణక్కపేట ఇనుప కొలుముల గురించి రాశాడు. మొక్కలు చూడటానికి వచ్చినవాడు కొలిమి దగ్గర కూర్చుని ఊదుడు తిత్తుల పని రాసుకున్నాడంటే మెచ్చుకోవాలి. తర్వాత విలియం కింగ్ అనే భారత భూగర్భ సర్వే అధికారి గోదావరి జిల్లా రాళ్ళను పటం మీదికెక్కించాడు. గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేల్ అంటూ మన పల్లెల పేర్లు పాఠ్యపుస్తకాల్లోకి వెళ్ళాయి. చింతలపూడి వైపు లోతున బొగ్గు ఉందని తేలింది. వజ్రం, ఇనుము, బొగ్గు, గ్యాస్ అన్నీ ఉన్నాయి. స్కార్న్ మాత్రం ఈ చుట్టుపక్కల లేదు.

మరి రాష్ట్రంలో? ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. అచ్చంగా స్కార్న్ అని ముద్ర వేసి రాగో బంగారమో తవ్విన గని మన తెలుగు నేల మీద లేదు. దాని చుట్టాలు మాత్రం మూడు చోట్ల కనిపిస్తాయి.

మొదటిది బొర్రా. గుహలు చూడటానికి వెళ్ళినవాళ్ళు పాలరాయినే చూస్తారు గానీ, ఆ చుట్టుపక్కల పాలరాయి పక్కన పచ్చటి డయాప్సైడ్, తేనెరంగు అభ్రకమైన ఫ్లోగోపైట్ కూడా ఉంటాయి. వోలాస్టొనైట్, గార్నెట్ ఉన్న సున్నపు రాళ్ళు తూర్పు కనుమల్లో అక్కడక్కడా ఉన్నాయి. చేతిలో పట్టుకుంటే స్కార్న్ అని ఒట్టు పెట్టేయొచ్చు. కానీ ఇక్కడ పర్వతమే మొత్తంగా ఉడికింది. ఒక చుట్టం వచ్చి పక్కన కూర్చుని వేడి చేయడం వేరు, ఊరంతా బట్టీలో పడటం వేరు. మొత్తం ఉడికినచోట బయట నుంచి రాగి మోసుకొచ్చే వేడినీటి దారులు ఒకచోట కలవవు. దానివల్ల ఖనిజం కుప్పపడదు. స్కార్న్ వేటలో ఎక్కువ డబ్బు, ఎక్కువ ఏళ్ళు వృథా అయ్యేది ఈ తేడా తెలియక. బొర్రాకు ఇంకో విశేషం ఉంది. ఆ ప్రాంతంలోని గనుల లీజుల మీదే గిరిజన హక్కుల కోసం పనిచేసే సమత సంస్థ కోర్టుకు వెళ్ళింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని తీర్పు చెప్పింది. తూర్పు కనుమల్లో ఖనిజం ఉందా అని అడిగే ముందు అది ఎవరిది అని అడగాల్సిన పరిస్థితి ఆ తీర్పు తెచ్చింది. మంచిదే అయింది.

రెండోది పులివెందుల. అసలు కథ ఇక్కడ ఉందని నా నమ్మకం. కడప బేసిన్‌లో వేంపల్లె డోలమైట్ పొరల మధ్యకి డోలరైట్ అనే నల్లని శిలాద్రవం పలకల్లా చొచ్చుకొచ్చింది. రెండూ ఒరుసుకున్న అంచున డోలమైట్ మారిపోయి సర్పెంటైన్ అయింది, దానిలో దారపు పోగుల్లా రాతినార పుట్టింది. బ్రాహ్మణపల్లె ఆస్బెస్టాస్ గనులు ఆ అంచు వెంబడే నడిచాయి. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బలపపురాయి కూడా ఇలాంటి చోట్లే దొరుకుతుంది. పంగిడిలో లావా పైన పారింది కాబట్టి ఏమీ రాలేదు. పులివెందులలో అదే జాతి నల్లరాయి లోపల చొరబడింది, నీరు దొరికింది, కనుక అంచు పండింది. పండింది రాతినార కావడం దురదృష్టం: ఊపిరితిత్తులను తినే సరుకది. 1986లో కొత్త లీజులు ఆపేశారు. కానీ అన్వేషకుడి కంటికి పులివెందుల చెప్పేది ఒకటే. మన నేలలో సున్నపురాయీ శిలాద్రవమూ కలిసి ఖనిజం పుట్టించిన సందర్భం ఉంది. డోలరైటు బదులు రాగి మోసే గ్రానైటు వచ్చి ఉంటే కథ మరోలా ఉండేది.

ఆ 'ఉంటే'ను పట్టుకుని వెళితే మూడో చోటు వస్తుంది: పల్నాడులో అగ్నిగుండాల. పేరులోనే నిప్పుంది. బండలమొట్టులో డోలమైటులో సీసం, నల్లకొండ, ధూకొండల్లో రాగి. బండలమొట్టు సీసం గనిని హిందుస్థాన్ జింక్ నడిపి మూసేసింది. దగ్గర్లోనే వినుకొండ గ్రానైటు. ముందు చెప్పిన సరంజామా అంతా, అంటే డోలమైటు, గ్రానైటు, సీసం, రాగి, ఒకే తాలూకాలో కనపడితే స్కార్న్ అనాలనిపిస్తుంది. ఎక్కువమంది శాస్త్రవేత్తలు అలా అనరు. ఖనిజం రాతిపొరల వెంబడే ఉంది, గ్రానైటు అంచును పట్టుకుని లేదు. అది అవక్షేపంతో పాటే చేరినదని వాళ్ళ వాదన. నాకూ అదే సబబుగా కనిపిస్తుంది. చుట్టరికానికి ఇల్లు పక్కపక్కన ఉండటం చాలదు. అయినా కడప బేసిన్ తూర్పు అంచున గ్రానైటు, సున్నపు రాళ్ళు ఎక్కడెక్కడ ఒరుసుకున్నాయో ఆ గీత వెంబడి నడవడం, రాష్ట్రంలో స్కార్న్ వెతకాలంటే మొదట చేయాల్సిన పని.

బంగారం సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. కర్నూలు జిల్లా జొన్నగిరి, అనంతపురం వైపు రామగిరి, కుప్పం దగ్గర చిగురుకుంట: వీటిలో ఏదీ స్కార్న్ కాదు. వందల కోట్ల ఏళ్ళ నాటి పచ్చరాతి పట్టీలలో పలుగురాతి నరాల వెంట ఉన్న బంగారం అది, కోలారు కుటుంబం. జొన్నగిరికి 2013లో జియోమైసూర్ సంస్థ మైనింగ్ లీజు పొందింది. తొలకరి పడగానే తుగ్గలి పొలాల్లో జనం వజ్రాలు వెతికేది కూడా ఆ చుట్టుపక్కలే.

బంగారు గనుల మాటల్లో వినపడే టన్నుకు ఒక గ్రాము అన్న లెక్కను ఒకసారి కంటికి కట్టించుకోవాలి. ఇరవై టన్నుల టిప్పరు నిండా రాయి తెచ్చి పిండి కొట్టి, మందులో కలిపి, చుక్క వదలకుండా తీస్తే ఇరవై గ్రాములు. రెండున్నర కాసులు. బజారులో కంసాలి కొట్ల ముందు మట్టి ఊడ్చి, తట్టలో జలగడిగే మనిషికి ఒక్కోరోజు అంతకంటే చిక్కటి 'ఖనిజం' దొరుకుతుందేమో. రాగి ఒక శాతం అంటే టన్నుకు పది కిలోలు. స్కార్న్ మీద కంపెనీలకు ఆశ ఎందుకంటే సున్నపురాయి ఖనిజాన్ని ఒక్క చోట పట్టి ఆపుతుంది. రాగి మామూలు గనుల కంటే చిక్కగా ఉంటుంది, బంగారం పక్కవాటాగా వస్తుంది. చెడ్డ సంగతి ఏమిటంటే ఆ పట్టీ సన్నం. కొన్ని మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్లు. వరదొచ్చి చేలన్నీ ఏకమైనప్పుడు కొల్లేట్లో గట్టు వెతుక్కున్నట్టే. ఉందని తెలుసు, కాలు పడేదాకా ఎక్కడో తెలియదు.

ఆ గట్టు తగిలిన కథల్లో పేరుమోసింది న్యూగినీ ద్వీపంలోది. 1936లో డచ్చి చమురు కంపెనీ భూగర్భవేత్త జాన్ జాక్ డోజీ సెలవు పెట్టుకుని మంచుకొండ ఎక్కడానికి వెళ్ళి, దారిలో పచ్చిక మధ్య నిలబడ్డ ఒక నల్లటి గుట్టను చూశాడు. ఎర్ట్స్‌బెర్గ్, అంటే ఖనిజపు కొండ, అని పేరు పెట్టి నివేదిక రాశాడు. యుద్ధం వచ్చింది, నివేదిక గ్రంథాలయంలో పడి ఉంది. 1960లో ఫ్రీపోర్ట్ కంపెనీ తరఫున ఫోర్బ్స్ విల్సన్ అక్కడికి చేరాడు. అది రాగి స్కార్న్. డెబ్బైల మొదట్లో గని మొదలై, ఎనభైల చివరికి ఆ గుట్ట ఉన్నచోట గొయ్యి మిగిలింది. ఖనిజం అయిపోతున్న వేళ, 1988లో, మూడు కిలోమీటర్ల అవతల గ్రాస్‌బెర్గ్ బయటపడింది. ప్రపంచంలోని అతిపెద్ద బంగారు, రాగి నిల్వల్లో అదొకటి. స్కార్న్ ఒక్కోసారి గని కాదు, గనికి దారి చూపే మైలురాయి. కానీ ఆ కొండ కింద పల్లానికి రోజుకు రెండు లక్షల టన్నులకు పైగా గని వ్యర్థం ఐక్వా నదిలో దిగిన రోజులున్నాయి. కొండ మీద తవ్వినది డెల్టాలో తేలుతుందని కొల్లేట్లోకి దిగే బుడమేరు, తమ్మిలేరు పక్కన బతికేవాళ్ళకు చెప్పక్కర్లేదు.

కెనడాలో హెడ్లీ ఊరి నికెల్ ప్లేట్ గనిది మరో పాఠం. 1898లో పట్టా వేసిన ఆ స్కార్న్‌లో బంగారం కంటికి కనపడదు. ఆర్సెనోపైరైట్ అనే పాషాణపు రాతితో కలిసి ఉంటుంది. బంగారపు స్కార్న్ దొరికిందంటే పాషాణం కూడా దొరికిందని ముందే లెక్క వేసుకోవాలి. ఒక ఊరట ఉంది. గంధకపు రాళ్ళు గాలి తగిలి ఆమ్లం వదిలితే, పక్కనే ఉన్న సున్నపురాయి దాన్ని కొంతవరకు విరిచేస్తుంది, పులిసిన చెరువులో సున్నం చల్లినట్టు. పాషాణానికి మాత్రం ఆ మందు పూర్తిగా పనిచేయదు.

వెతికే పద్ధతిలో పెద్ద మాయేమీ లేదు. పటం మీద గ్రానైటు, సున్నపురాయి కలిసే గీత పట్టుకోవాలి. వాగుల్లో మట్టి కడిగి చూడాలి. స్కార్న్‌లో మాగ్నటైట్, పిరొటైట్ ఉంటాయి కాబట్టి అయస్కాంత సర్వేకు చిక్కుతుంది. నేల మీద ఇనుపతుప్పు టోపీ, దాని అంచుల్లో ఇత్తడి బిందెకు పట్టినట్టు పచ్చని చిలుము కనపడితే ఆగాలి. ఆ తర్వాత గార్నెట్ రంగు. గ్రానైటుకు దగ్గరగా ఎర్రగోధుమ గార్నెట్ (కంకర కుప్పలోది కాదు, సున్నపురాయి జాతిది) ఎక్కువ, దూరం పోయేకొద్దీ లేతపచ్చ, పైరాక్సీన్ ఎక్కువ, చివర తెల్లటి వోలాస్టొనైట్, ఆపైన పాలరాయి. ఈ వరస తెలిసినవాడికి ఎటు నడుస్తున్నాడో రాయే చెబుతుంది. డ్రిల్లు చివర్లో. మన దగ్గర చాలాసార్లు డ్రిల్లే మొదట్లో వస్తుంది, ఎందుకంటే ఖర్చుపెట్టిన డబ్బుకు మీటర్ల లెక్క చూపించడం తేలిక, నడిచిన దూరానికి బిల్లు ఉండదు.

చట్టం కూడా ఈ మధ్యదాకా ఆ ధోరణికే తోడ్పడింది. 2015లో వేలం పద్ధతి వచ్చాక, పాట పెట్టాలంటే ముందే నిల్వ గురించి ఎంతో కొంత తెలిసి ఉండాలి. తెలియని చోట వెతికేవాడికి ఏం దక్కుతుంది? 2023 సవరణతో బంగారం, రాగి, వజ్రం సహా 29 ఖనిజాలకు అన్వేషణ లైసెన్సు ఇచ్చారు. కనిపెట్టినవాడికి తర్వాతి వేలం సొమ్ములో వాటా. అదే ఏడాది డిసెంబరులో జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండాగారం అందరికీ తెరిచారు. సర్వే పటాలు ఇప్పుడు ఏలూరు కాలేజీ విద్యార్థి ఫోనులో కూడా తెరుచుకుంటాయి. స్కార్న్ లాంటి సన్నటి పట్టీలకు ఇదే సరైన దారి: పెద్ద బ్లాకులు కాదు, పాత పటాల మీద ఓపికగా గీత వెంబడి నడిచే ఇద్దరు ముగ్గురు మనుషులు.

వాళ్ళు పులివెందుల వైపు, వినుకొండ వైపు నడవాలి. కైకలూరు రోడ్డు కంకర కుప్పలో వెతకనక్కర్లేదు. మొన్న వానకు ఆ కుప్ప కడిగినట్టయింది. నల్లరాళ్ళ మధ్య ఒకదాని మీద తెల్లటి పూత ఉంది, గోటితో గీస్తే రాలింది. పంగిడి పొరలోని సున్నపురాయి ముక్క ఏదో బసాల్టుకు అంటుకుని వచ్చినట్టుంది. పక్కన చెరువు గట్టు మీద డోలమైట్ బస్తాలు తడిసి గడ్డకట్టాయి, వాటిని విప్పి ఆరబెడుతున్నారు.